ముగ్గురు నళినులు, ఒక ఒరిజినల్

పొట్నూరు హేమనళిని గురించి ఊళ్ళో ఎవరినడిగినా మంచే చెబుతారు. కవులనడిగితే, "ఆవిడా? సమీక్షలు బ్రహ్మాండంగా రాస్తారండీ" అంటారు. సమీక్షకులనడిగితే, "బొమ్మలు చూశారా? చెయ్యంటే అదీ" అంటారు. కుంచె పట్టిన చిత్రకారులనడిగితే, "కంప్యూటర్ బొమ్మల సంగతి మాకు తెలీదు గానీ, కవిత్వం బాగా రాస్తారని విన్నాం" అంటారు. ఈ విధంగా ముప్పయ్యేళ్ళుగా ఆవిణ్ణి ఎవరికి వారు ఎంతో గౌరవంగా పక్కింటికి పంపిస్తూ వచ్చారు.

నళిని డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పేది. ఇరవయ్యో ఏట కవిత్వం రాయడం మొదలుపెట్టింది. ముప్పయ్యో ఏట ఒక వారపత్రిక వాళ్ళు పుస్తకాల మూట పంపి సమీక్షలు రాయమంటే సరేనంది. ఆవిడకో చెడ్డ అలవాటు ఉంది. పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివితే గానీ సమీక్ష రాయదు. ముందుమాట చదివి సర్దుకుపోయే మర్యాదస్తుల మధ్య ఇది పెద్ద అపచారం. దాంతో ఏటా ఓ నలుగురు స్నేహితులు తగ్గుతూ వచ్చారు. నలభై నాలుగో ఏట, ఆన్‌లైన్ పాఠాల కోసం కొన్న ట్యాబ్ మీద ఏదో గీకుతూ గీకుతూ బొమ్మల్లో పడింది.

ఆ మూడూ కలిసి చేసిన పని ఒకే ఒక్క పుస్తకం. పేరు 'మూలపాలెం మడులు'. సముద్రం ఒడ్డునున్న ఆ ఊళ్ళో ఉప్పు మడుల్లో పనిచేసే ఆడవాళ్ళ మీద నలభై పేజీలు. పేజీకో బొమ్మ, ఆ బొమ్మలోనే కవిత. చీర కుచ్చిళ్ళలో ఒక కవితాపాదం, ఉప్పు గుట్ట వాలు మీద మరో పాదం. బొమ్మ తీసేస్తే మాట నిలబడదు, మాట తీసేస్తే బొమ్మ మూగబోతుంది. చదువు రాని వాళ్ళు కూడా చూసి చదువుకోవాలని అలా చేసింది.

అందులో ముప్పై ఒకటో పేజీ నూకాలు.

నూకాలు, ఆదెమ్మ అక్కచెల్లెళ్ళు; నూకాలు పెద్దది, ఆదెమ్మకి 'అప్ప'. ఇద్దరూ మడుల్లోనే పుట్టినట్టు పనిచేశారు. పదకొండేళ్ళ కిందట, వైశాఖం ఎండలో, నూకాలు తట్ట ఎత్తుతూ ఎత్తుతూ పడిపోయింది. మళ్ళీ లేవలేదు. ఆవిడ ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు. పెళ్ళిలో తియ్యలేదు, పండక్కి తియ్యలేదు, తియ్యడానికి ఎవరికి గుర్తొచ్చింది గనక. ఆదెమ్మకి ఇప్పుడు డెబ్భై. ఆవిడ చెబుతుంటే నళిని ఏడు ఆదివారాలు మడి గట్టు మీద కూర్చుని గీసింది, చెరిపింది, గీసింది. ఏడో వారం ఆదెమ్మ ఒక్కసారిగా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఇదిగో. ఇదే మాయప్ప" అంటూ తెర మీద వేలు పెట్టింది. వేలు తగలగానే బొమ్మ పక్కకి జరిగింది. "అయ్యో అయ్యో, మల్లీ ఎల్లిపోతంది పట్టుకో!" అని ఆ ముసలావిడ కంగారు పడిపోతే నళినికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ప్రింటు తీసి ఇస్తానంటే ఆదెమ్మ ఒప్పుకోలేదు.

"ఒట్టి కాయితం ఈ ఉప్పుగాలికి నెల్నాళ్ళుండదమ్మా. అట్టేసిన బుక్కైతే ఉంటది. బుక్కే ఇయ్యి. కానీ బేగి ఇయ్యి తల్లీ. ఒక కంటికి తెర వొచ్చేసింది, రెండోది కూడా అదే దారని డాట్రుబాబు సెప్పీసినాడు. సూపుండగా నా సేతిలో ఎట్టు."

నళిని సరేనని మాట ఇచ్చింది.

సరిగ్గా ఆ సమయానికే ప్రభుత్వానికి కళల మీద ప్రేమ పుట్టింది.

*

ప్రేమకి పెట్టిన పేరు 'సృజనకారుల నమోదు మరియు ధ్రువీకరణ మండలి'. ఇకమీదట మండలి ముద్ర లేని పుస్తకాన్ని ఏ ప్రెస్సువాళ్ళూ అచ్చు వెయ్యరాదు, ఏ హాల్లోనూ ఆవిష్కరించరాదు, ఏ గ్రంథాలయమూ బీరువాలో పెట్టరాదు. ముద్ర కావాలంటే ముందు సృజనకారుడిగా నమోదు కావాలి. నమోదుకి ఒకటే సూత్రం. అది ఆఫీసు గోడమీద అరచేతి వెడల్పు అక్షరాల్లో ఎర్రరంగుతో రాసి ఉంటుంది: 'ఒక వ్యక్తి – ఒక కళ'.

జిల్లా సృజన అధికారి పేరు గుడిమెట్ల వాచస్పతి. ఇంతకుముందు పశుగణన శాఖలో పేరు తెచ్చుకున్న మనిషి. నళినిని సాదరంగా కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించాడు.

"చెప్పండి మేడమ్. తమరి సృజన స్వభావం?"

"కవిత్వం రాస్తానండీ. పుస్తక సమీక్షలు రాస్తాను. డిజిటల్ బొమ్మలు వేస్తాను."

ఆయన మొహంలో బాధ కనబడింది. "అంటే బహుముఖ ప్రజ్ఞ అంటారు."

"ఏమోనండీ. ఆ మూడూ వచ్చు."

"బహుముఖ ప్రజ్ఞ సన్మాన పత్రాల్లో అనుమతించబడింది మేడమ్. దరఖాస్తుల్లో అనుమతించబడలేదు. ఇదిగో, ఇక్కడ గడి ఒక్కటే ఉంది. అందులో ఒక్కటే పడుతుంది."

"అయితే రెండు వదులుకోమంటారా?"

"ఎంత మాట! కళని చంపడానికా మేమున్నది?" వాచస్పతి గాయపడ్డట్టు వెనక్కి వాలాడు. తర్వాత సీనియర్ అసిస్టెంట్ మంగతాయారు వైపు చూశాడు. "తాయారు గారూ, ఈ త్రైమాసికంలో జిల్లా లక్ష్యం ఎంత?"

"మూడొందల మంది కళాకారులండీ."

"సాధించినది?"

"నూట పన్నెండండీ. అందులో పదిహేడు మంది మన ఆఫీసువాళ్ళేనండీ."

వాచస్పతి మళ్ళీ నళిని వైపు తిరిగినప్పుడు ఆయన మొహం వెలిగిపోతోంది. "మేడమ్, మండలి మిమ్మల్ని ముగ్గురుగా గుర్తిస్తుంది."

నళిని నవ్వింది. ఆయన నవ్వలేదు. అప్పుడు ఆవిడ నవ్వు ఆపుకుంది.

అరగంటలో మూడు దరఖాస్తులు, మూడు ఫొటోలు, మూడు కార్డులు. ఫొటోలు మూడూ ఒకేలా ఉంటే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందని మంగతాయారు ఒకదాంట్లో కళ్ళజోడు పెట్టించింది, ఇంకోదాంట్లో బొట్టు పెద్దది చేయించింది. ఒకటో నళిని కవి. రెండో నళిని సమీక్షకురాలు. మూడో నళిని డిజిటల్ చిత్రకారిణి. ముగ్గురికీ మూడు సెక్షన్లు. రద్దీ నివారణార్థం ఒకటో నళిని సోమవారం, రెండో నళిని బుధవారం, మూడో నళిని శుక్రవారం రావాలి.

పిచ్చి వాళ్ళు, పోనీలే, పని అయితే చాలుననుకుంది నళిని. ఆవిడ చేసిన మొదటి తప్పు అదే.

*

మొదటి సోమవారమే తెలిసొచ్చింది.

"పుస్తకంలో బొమ్మలున్నాయి గదా మేడమ్," అన్నాడు వాచస్పతి. "అవి వేరొకరి సృజన. వారి అంగీకార పత్రం జతపరచలేదు."

"నేనే గదండీ వేసింది!"

"ఈ రోజు సోమవారం మేడమ్. ఈ రోజు మీరు వెయ్యలేదు."

"పోనీ ఇప్పుడే రాసిచ్చేస్తాను, కాగితం ఇవ్వండి."

"మూడో నళిని గారి సంతకం వారి పరోక్షంలో మీరు చేస్తే దాన్ని ఏమంటారో లెక్చరర్ గారికి నేను చెప్పక్కర్లేదు. వారికి రిజిస్టర్డ్ పోస్టులో విన్నపం పంపండి. వారు సముచితమనుకుంటే అంగీకరిస్తారు."

నళిని తపాలా ఆఫీసుకి వెళ్ళి తనకి తనే ఉత్తరం పంపుకుంది. మర్నాడు పోస్ట్‌మ్యాన్ గుమ్మంలో నిలబడి కవరు ఇటూ అటూ తిప్పి చూశాడు.

"పంపినోరు మీరే, తీసుకునేది మీరే. మజ్జిలో నానెందుకమ్మా?"

"నిబంధన, బాబూ."

"ఓలమ్మా, ఎవులితోనైనా దెబ్బలాడి మాటలు మానీసినారేమో అనుకున్నాను," అంటూ సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం నాడు మూడో నళిని అంగీకారం ఇచ్చింది. సోమవారం నాడు ఒకటో నళిని దాన్ని అందుకుని కృతజ్ఞతలు తెలిపింది. కృతజ్ఞతల ప్రతి ఒకటి ఫైల్లో పెట్టారు. ఆ ఫైలు బల్లలన్నీ దాటి వచ్చేసరికి నెల గడిచింది. కాలేజీలో ఆవిడకున్న సెలవులు అయిపోతున్నాయి. మూలపాలెం నుంచి వచ్చిపోయేవాళ్ళ చేత ఆదెమ్మ కబురు పెడుతూనే ఉంది, బుక్కొచ్చినాదా అని.

"ఇంక అచ్చు వేయించుకోవచ్చాండీ?" అని అడిగింది నళిని.

"అప్పుడేనా మేడమ్! నాణ్యతా పరీక్ష కావద్దూ? జిల్లాలో నమోదైన సమీక్షకుల్లో ఒకరు గ్రంథాన్ని పరిశీలించి నివేదిక ఇవ్వాలి."

"ఎవరున్నారు?"

మంగతాయారు రిజిస్టరు తిరగేసింది. తిరగెయ్యడానికి పేజీలేం లేవు. "ఒకరేనండీ. రెండో నళిని గారు."

ఊళ్ళో సమీక్షకులకి కరువేం లేదు. కానీ గడి ఒక్కటే కావడంతో అందరూ కవులుగానే నమోదయ్యారు.

"నా పుస్తకాన్ని నేనే సమీక్షించుకోవడం ఏం బాగుంటుందండీ? సిగ్గు లేకపోతే సరి," అంది నళిని.

"రికార్డు ప్రకారం వారితో మీకు బంధుత్వం లేదు. మీ మూడు దరఖాస్తుల్లోనూ పద్నాలుగో కాలమ్‌లో 'లేదు' అనే రాశారు," అన్నాడు వాచస్పతి. "అయితే ఒక్క షరతు. నిష్పాక్షికత నిమిత్తం నివేదికలో ముప్పై శాతానికి తక్కువ కాకుండా లోపాలు చూపించాలి."

ఇక్కడ నళిని చేసిన రెండో తప్పు, సమీక్షని నిజంగా రాయడం. ఇంకొకరైతే అచ్చుతప్పులూ, కాగితం నాణ్యతా అంటూ ముప్పై శాతం లాగించేసేవారు. ఈవిడ అలవాటు కొద్దీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. రెండు రోజులు పట్టింది. నిజం చెప్పాలంటే ఆ రెండు రోజులూ ఆవిడకి సుఖంగానే గడిచాయి. ఎన్నాళ్ళకో తన పనిని తను ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసింది. పన్నెండో పేజీలో కవిత ఎక్కువ మాట్లాడుతోందని రాసింది. ఇరవయ్యో పేజీ బొమ్మలో సముద్రం అందం కోసం వచ్చిందే గాని అవసరమై రాలేదని రాసింది. ముప్పై ఒకటో పేజీలో ఆఖరి రెండు పాదాలు నూకాలువి కావు, కవి తన దుఃఖం చూపించుకోవడానికి తగిలించుకున్నవి, తీసెయ్యాలి అని రాసింది.

పది రోజుల్లో రెండో నళినికి సంజాయిషీ నోటీసు వచ్చింది. 'మండలిచే గుర్తింపబడిన సదరు కవయిత్రి ప్రతిష్ఠకు భంగము కలిగించు వ్యాఖ్యలు చేసినందున మీపై చర్య ఏల తీసుకొనరాదో' వారం లోపల తెలపమన్నారు. అదే రోజు ఒకటో నళినికి కూడా ఒక ఉత్తరం వచ్చింది. ఆవిడకి జరిగిన అవమానానికి మండలి ప్రగాఢ విచారం తెలుపుతోందిట.

విచారణ రోజున గదిలో ఎదురెదురుగా రెండు కుర్చీలు వేశారు. నళిని ఇందులో కూర్చుని ఆరోపించాలి, లేచి వెళ్ళి అందులో కూర్చుని జవాబివ్వాలి. మంగతాయారు అన్నీ రాసుకుంటోంది. కుర్చీ మారినప్పుడల్లా వాచస్పతి మళ్ళీ మొదటినుంచీ నమస్కారం పెట్టేవాడు. ఆ మర్యాదకి లోటు లేదు.

"ఒకటో నళిని గారూ, మీ కవితలో రెండు పాదాలు తీసెయ్యాలన్నారు రెండో నళిని గారు. దీనిమీద మీ అభ్యంతరం?"

"అభ్యంతరం లేదండీ. ఆవిడ చెప్పింది నిజమే. తీసేశాను."

మంగతాయారు కలం గాల్లోనే ఉండిపోయింది.

"తీసే... అంటే, మీరు విమర్శని అంగీకరిస్తున్నారా?"

"అవునండీ. తీసేశాక కవిత బాగుపడింది."

వాచస్పతి మండలి మాన్యువల్ తెప్పించాడు. కవి విమర్శకుడిపై ఫిర్యాదు చేస్తే ఫారం ఆరు. కవి విమర్శకుడిపై కవిత రాస్తే ఫారం ఏడు. కవి అన్నపానాలు మానేస్తే ఫారం ఎనిమిది. ఎంత వెదికినా కవి ఒప్పుకున్న సందర్భానికి ఫారం లేదు.

"ఇలాంటిది మా సర్వీసులో చూడలేదు మేడమ్," అన్నాడాయన చివరికి, కొంచెం భయంగానే. "పై అధికారుల స్పష్టత కోరవలసి ఉంటుంది."

స్పష్టత రావడానికి రెండు నెలలు పట్టింది. 'ఇటువంటి సంఘటనలు పునరావృతం కాకుండా చూడవలెను' అని వచ్చింది.

*

ఇక మిగిలింది మూడో నళిని. అసలు కథంతా ఆవిడ దగ్గరే తలకిందులైంది.

శుక్రవారం నాడు నలభై బొమ్మల రంగు ప్రింట్లు పట్టుకెళ్ళింది. వాచస్పతి ఒక్కొక్కటీ ఎత్తి కిటికీ వెలుగులో చూశాడు, గోరుతో గీకాడు.

"ఇవి ప్రతులు మేడమ్. ఒరిజినల్స్ ఎక్కడ?"

"వీటికి ఒరిజినల్ అంటూ ఉండదండీ. ట్యాబ్ మీద వేసినవి. అందులో ఉంటాయి, కంప్యూటర్లో ఉంటాయి, నెట్‌లో దాచుకుంటాం. అన్నీ ఒకటే."

"అన్నీ ఒకటే అయితే ఏది ఒకటి?"

పాతికేళ్ళ సర్వీసులో పిల్లలెవరూ నళినిని ఇలాంటి ప్రశ్న అడగలేదు.

"మీరు మొదట వేసింది దేనిమీద?"

"ఈ ట్యాబ్ మీద."

"అయితే ఇదే ఒరిజినల్. మిగతావన్నీ నకళ్ళు. ఒరిజినల్ ఒక్కటే ఉండాలన్నది ఒరిజినల్‌కి నిర్వచనం. నకళ్ళు ఉన్నంతకాలం ఇది ఒరిజినల్ అని నేను ధ్రువీకరిస్తే రేపు నా ఉద్యోగం ఏమవుతుంది?" ఆయన తొమ్మిదో నంబరు ఫారం తీశాడు. "ఇతర ప్రతులన్నీ నాశనం చేసితిమని ప్రమాణపత్రం. ఒరిజినల్ మండలి స్ట్రాంగ్ రూంలో సీలు వేసి భద్రపరుస్తాం. అచ్చుకి కావలసినప్పుడు మేమే తీసి ప్రెస్సుకి ఇస్తాం. పదిహేను రోజుల పని."

"పదిహేను రోజులేనా? ఖాయంగా?"

"రాసుకోండి."

నళిని గుండెలో ఏదో వద్దు వద్దంటూనే ఉంది. కానీ ముందు వారమే మూలపాలెం వెళ్ళొచ్చింది. ఆదెమ్మ అల్లంత దూరం నుంచి ఎవులది అని అడిగింది, గొంతు వినిపించే దాకా పోల్చుకోలేదు. పదిహేను రోజులంటే చూపుండగానే పుస్తకం చేతిలో పెట్టొచ్చు. సంతకం పెట్టేసింది.

మంగతాయారు దగ్గరుండి మరీ చేయించింది. నళిని చేత ఇంటినుంచి తెప్పించిన కంప్యూటర్లోవి తీసేశారు. నెట్‌లోవి తీసేశారు. "చెత్తబుట్టలోవి కూడా ఖాళీ చెయ్యండమ్మా, అక్కణ్ణించి మళ్ళీ లేస్తాయిట," అని గుర్తు చేసింది. నలభై ప్రింట్లనీ కొత్తగా కొన్న కాగితాల ముక్కల మిషన్లో వేశారు. కొన్నాక దానికి తగిలిన మొదటి పని అదే కావడంతో స్టాఫంతా వచ్చి చుట్టూ నిలబడి చూశారు. నళిని కిటికీ వైపు తిరిగి నిలబడింది.

తర్వాత సీలు. సీలంటే ఆ ఆఫీసులో ఒకటే పద్ధతి. గుడ్డ చుట్టి, పురికొస కట్టి, లక్క కరిగించి, మీద ఇత్తడి ముద్ర వెయ్యాలి. పశుగణన రికార్డుల దగ్గర్నుంచీ వాచస్పతి చేతుల మీదుగా ఎన్ని వేల సీళ్ళు పడ్డాయో లెక్కలేదు. ఇనప గరిటెలో లక్క సలసలా మరుగుతోంది.

"అయ్యో, అది వేడి తగలకూడదండీ! లోపల బ్యాటరీ ఉంటుంది!" నళిని కుర్చీలోంచి లేచింది.

"సీలు వేడిగానే వెయ్యాలి మేడమ్. చల్లటి లక్క అతుక్కోదు. నాలుగు మూలలా నాలుగు, మధ్యలో పెద్దది ఒకటి. నిబంధన."

"వద్దండీ, మీకు దణ్ణం పెడతాను, ఆగండి!"

నాలుగు మూలలా పడ్డాయి. మధ్యలో పెద్దది పడింది. ఇత్తడి ముద్ర మీద వాచస్పతి రెండు చేతులూ వేసి బలంగా నొక్కాడు. మూట కాసేపు బుద్ధిగా ఉంది. ఆ తర్వాత మెల్లగా పొట్ట ఉబ్బింది. ఫట్‌మంది. గుడ్డలోంచి పొగ. మంగతాయారు కెవ్వున అరిచి మంచినీళ్ళ కూజా ఎత్తి దానిమీద కుమ్మరించింది.

పొగ తగ్గాక అందరూ దగ్గరికి వచ్చి చూశారు. లక్క సీళ్ళు అయిదూ చెక్కుచెదరలేదు.

"అమ్మయ్య," అన్నాడు వాచస్పతి.

నళిని జన్మలో ఎవరిమీదా అరిచిన మనిషి కాదు. ఆ రోజు అరిచింది. ఏమేం తిట్టిందో ఆవిడకే గుర్తులేదు. "చచ్చిపోయిన మనిషి మొహం అది! ఆ పిచ్చితల్లికి ఉన్నదల్లా అదొక్కటే! మళ్ళీ చంపేశారు గదయ్యా!" అన్న మాట మాత్రం అటెండర్లు తర్వాత చాలా రోజులు చెప్పుకున్నారు.

వాచస్పతి అంతా ఓపిగ్గా విన్నాడు.

"ఈ ఆవేదన ఎవరిది మేడమ్? ఈ రోజు శుక్రవారం. మూడో నళిని గారికి మాటలతో పని లేదు. ఒకటో నళిని గారిదైతే సోమవారం లిఖితపూర్వకంగా దయచేయించండి. కవిత్వ రూపంలోనైనా స్వీకరిస్తాం."

పంచనామా రాశారు. 'ఒరిజినల్ భద్రముగా ఉన్నది. స్థితి: స్వల్పముగా ఉబ్బినది. సీళ్ళు యథాతథము.' ట్యాబ్ పాడైందని రాయమని నళిని పట్టుబట్టింది. లోపలున్నది పాడైందో లేదో తెలియాలంటే సీలు విప్పాలిట. సీలు విప్పాలంటే రాష్ట్ర కార్యాలయం అనుమతి కావాలిట. సీలు చెక్కుచెదరనప్పుడు లోపలిది పాడైందనడానికి ఆధారం లేదు గనక అనుమతికి కారణం కనబడదుట. అందుచేత అది పాడవలేదు.

సోమవారం నాడు ఒకటో నళినికి గుండ్రటి ముద్ర వేసిన అనుమతి పత్రం అందింది. 'మూలపాలెం మడులు' అచ్చు వేసుకోవచ్చు. బొమ్మలు మినహా.

*

మూలపాలెం వెళ్ళే బస్సులో నళిని నాలుగుసార్లు దిగిపోదామనుకుంది. ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతోంది. వాచస్పతి మీద కోపం ఎప్పుడో దాటిపోయి తన మీదికే వచ్చింది. తొమ్మిదో నంబరు ఫారం మీద సంతకం పెట్టింది ఆయన కాదు గదా.

ఆదెమ్మ మడి గట్టు మీద తట్ట బోర్లించుకుని కూర్చుని ఉంది. నళిని దాచకుండా మొత్తం చెప్పింది. ముగ్గురు నళినుల సంగతి విని ముసలావిడ పళ్ళు లేని నోటితో పడీ పడీ నవ్వింది. "నిన్ను ముగ్గురు సేసినారా? మరి ముగ్గురికీ కూడెట్టినారా నేదా?" అంది. లక్క సంగతి వచ్చేసరికి నవ్వు ఆగింది.

"నన్ను తిట్టు ఆదెమ్మా. ఏదో ఒకటను."

"ఏటని తిట్టను. సదూకున్నదానివి, సదూకున్నోలి మాట నమ్మినావు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నీ బొమ్మ రాకముందు మాయప్ప మొకం నాకు సెదిరిపోయిందమ్మా. కలలోకొచ్చినా అటేపు తిరిగి ఉండీది. నీ బొమ్మ సూసినాక కుదురుకున్నాది. ఇప్పుడు కల్లు మూసుకుంటే కనిపిస్తాది నాకు. నీకు కనిపించదా?"

"కనిపించట్లేదు. ఆ ముక్కల మిషన్ చప్పుడే వినిపిస్తోంది."

"అయితే నాను సెప్తాను. గియ్యి."

నళిని సంచీలో ట్యాబ్ లేదు, రంగులు లేవు. ఉన్నది అనుమతి పత్రం ఒక్కటే, మందపాటి కాగితం, వెనక తెల్లగా ఉంది. పిల్లల పేపర్లు దిద్దే నల్ల స్కెచ్ పెన్ను ఒకటి దొరికింది. కాగితాన్ని బోర్లించి మోకాలి మీద పెట్టుకుంది. సన్నగా గీస్తే ఆదెమ్మకి కనబడదు గనక లావుగా గీయడం మొదలుపెట్టింది. ఆదెమ్మ చెబుతోంది. నుదురు, ముక్కు, ఎడమ చెవి తెగి జారిన పోగు.

ఫోన్ మోగింది.

"నమస్కారం మేడమ్, వాచస్పతిని. శుభవార్త! రాష్ట్ర స్థాయిలో ఈ ఏటి 'అత్యంత భద్రపరచబడిన కళాఖండం' పురస్కారం మన జిల్లాకి వచ్చింది. ఒరిజినల్‌ని సీళ్ళతో సహా అద్దాల పెట్టెలో ప్రదర్శనకి పెడుతున్నారు. సన్మానం శుక్రవారం. ఇంతకీ మాట్లాడుతున్నది మూడో నళిని గారేనా?"

నళిని మోకాలి మీది కాగితం వైపు చూసింది. గీస్తున్నదీ తనే, ఆదెమ్మ నోటి మాటల్లో ఏది ఉంచాలో ఏరుకుంటున్నదీ తనే, ఈ గీత అబద్ధం, కొట్టెయ్యి అంటున్నదీ తనే.

"ముగ్గురం ఇక్కడే ఉన్నామండీ," అంది. "పనిలో ఉన్నాం. మాలో ఎవరికీ ఖాళీ లేదు."

ఫోన్ కట్టేసి సంచీలో పడేసింది.

"ఎవులమ్మా?"

"ఎవరో బొమ్మ భద్రంగా ఉందని చెబుతున్నారు."

ఆదెమ్మ కాగితాన్ని మంచి కంటికి దగ్గరగా లాక్కుని, ముక్కు ఆనేంతగా వంగి చూసింది. తల అడ్డంగా ఊపింది.

"కల్లు అంతంత తెరిసీసినావేటి? మడుల్లో ఎండకి మాయప్ప ఏనాడైనా కల్లు తెరిసి సూసినాదా?"

నళిని పైన ఒక గీత, కింద ఒక గీత గీసి కళ్ళు చిన్నవి చేసింది. ఆదెమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది. తెల్లటి ఉప్పు మీంచి వెలుగు కొడుతోంది, ఇద్దరికీ కళ్ళు చికిలించుకోక తప్పడం లేదు.

"ఆఁ... వొస్తంది," అంది ఆదెమ్మ, నళిని మోచెయ్యి గట్టిగా పట్టుకుని. "వొస్తంది తల్లీ. ఆపీకు, గియ్యి."